శ్రావణంలో సంఘం అధ్యక్షుడు: ఏ పనికి మీరే ఉండాలి, ఏది పంచి ఇవ్వవచ్చు

తమ్ముడూ, మీరు అడిగింది రెండుసార్లు చదివాను. పోయిన నెలలోనే మీ పట్టణంలో మన నేత కులం పద్మశాలీల సంఘానికి అధ్యక్షుడిగా ఎన్నికయ్యారు. మొబైల్ షాపు నడుపుతున్నారు, ఇంట్లో చిన్నపిల్లలున్నారు, మీ నాన్నగారి కాలంలోనే ఇంట్లో మగ్గం తీసేశారు. ఇప్పుడు చేనేత దినోత్సవం, నూలు పున్నమి (శ్రావణ పున్నమి), ఊరేగింపు, వినాయక చవితి, కొండా లక్ష్మణ్ బాపూజీ జయంతి, బతుకమ్మ వరసగా వస్తున్నాయి. మధ్యలో పెళ్లిళ్లు, చావులు. "అన్నిటికీ నేనే వెళ్లాలా, వెళ్లకపోతే తప్పు పడతారా, మగ్గం మీద ఎప్పుడూ కూర్చోని నేను పున్నమి పూజ పీట మీద కూర్చోవచ్చా" అని అడిగారు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని కూడా రాశారు.

నేను ఉమ్మడి నల్లగొండ జిల్లాలో, చిటికి కట్టే (రంగు వేసే ముందు నూలుకు ముడులు కట్టే) ఊళ్ల మధ్య ఉన్న ఒక చిన్న పట్టణంలో 2019 నుంచి 2025 చివరి దాకా ఆ బాధ్యతలో ఉన్నాను. సుమారు ఆరు వందల గడపలు. మొదటి ఏడాది నాకూ మీలాంటి టెన్షనే. పిలిచిన ప్రతిచోటికీ పరిగెత్తాను. శ్రావణం అయ్యేసరికి గొంతు పోయింది, మగ్గం మీద పడుగు (నిలువు పోగులు) అలాగే ఉండిపోయింది. పైగా "అధ్యక్షుడు మా ఇంటికి రాలేదు" అన్న మాట నలుగురి దగ్గరైనా పడ్డాను. ఆరేళ్లలో నాకు అర్థమైంది ఒకటే. అధ్యక్షుడి చేతి మీదుగానే జరగాల్సినవి చాలా తక్కువ. అవి ఏవో ముందే తేల్చుకుంటే మిగతావన్నీ పంచి ఇవ్వవచ్చు. వేదికలు పంచుకోవచ్చు. పున్నమి రోజు పీట, ఊరేగింపులో మగ్గం, చావు ఇల్లు, ఈ మూడు మాత్రం మీవి.

ముందు ఈ ఏడాది తేదీలు చూడండి. అధిక జ్యేష్ఠం వచ్చింది కాబట్టి పండుగలన్నీ ఆలస్యంగా వస్తున్నాయి. పోయిన ఏడాది, అంటే 2025లో, ఆగస్టు 7 గురువారం చేనేత దినోత్సవం, 8 శుక్రవారం వరలక్ష్మీ వ్రతం, 9 శనివారం నూలు పున్నమి. మూడు రోజులు వరసగా వచ్చి ఊపిరాడలేదు. 2026లో చేనేత దినోత్సవం ఆషాఢంలోనే అయిపోతుంది, పున్నమి ఆగస్టు 28న. మధ్యలో మూడు వారాలుంటాయి. మొదటి ఏడాదే ఇంత వ్యవధి దొరకడం మీ అదృష్టం. వినాయక చవితి సెప్టెంబరు 14, బాపూజీ వర్ధంతి 21, జయంతి 27. బతుకమ్మ అక్టోబరుకు పోయింది. ఇంకొక మాట, పున్నమి రోజు చంద్రగ్రహణం ఉందని ఎవరో ఒకరు సందేహం లేవదీస్తారు. అది మన దేశంలో కనిపించదు, ఇక్కడ ఆ సమయానికి తెల్లారిపోయి ఉంటుంది. గుడి పూజారిని ఇప్పుడే అడిగి, ఆయన నోటితోనే నాలుగు రోజుల ముందు మైకులో చెప్పించండి. లేకపోతే జంధ్యాల వేళ మీద ఆ రోజు పొద్దున గుడి ముందు వాదన మొదలవుతుంది.

చేనేత దినోత్సవానికి వారమే ఉంది కాబట్టి దాంతో మొదలుపెడతాను. 1905 ఆగస్టు 7న కలకత్తా టౌన్ హాలులో స్వదేశీ ఉద్యమం ప్రకటించారు, విదేశీ వస్త్రం వద్దన్నారు. దాని గుర్తుగా 2015 నుంచి ఆ రోజును జాతీయ చేనేత దినోత్సవంగా జరుపుతున్నారు. మీరు మైకు ముందు ఈ రెండు వాక్యాలు చెబితే చాలు. చాలామంది ఈ రోజు ఎందుకు వచ్చిందో తెలియకుండానే దండలు వేసి వెళ్లిపోతారు.

సన్మానం దగ్గర మేం చేసిన పెద్ద తప్పు చెబుతాను. 2019లో పన్నెండు మంది వృద్ధ కళాకారులకు శాలువాలు కప్పాం. దుకాణంలో డజను లెక్కన తెచ్చిన మెరిసే శాలువాలు. నలభై ఏళ్లు డబుల్ ఇకత్ (పడుగు, పేక రెంటికీ చిటికి కట్టి నేసే బట్ట) నేసిన ఒక పెద్దాయన ఆ శాలువాను రెండు వేళ్ల మధ్య పట్టుకుని నలిపి చూశాడు, ఏమీ అనలేదు, మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. పాలిస్టర్. మిల్లు సరుకు. చేనేత దినోత్సవం నాడు చేనేత మనిషికి మేం కప్పింది అది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మరుసటి ఏడాది నుంచి మా ఊళ్లోనే నేసిన నూలు కండువాలు వేశాం. ధర ఎక్కువే, అందుకని పన్నెండు మందికి బదులు ఐదుగురిని పిలిచాం. మీరూ వారం ముందే ఎవరో ఒక నేతగాడికి ఆర్డర్ ఇవ్వండి. ఆయనకు పని దొరుకుతుంది, కప్పినవాళ్లకు తృప్తి ఉంటుంది.

లిస్టు కూడా మీరే చూసుకోండి. సన్మానాల లిస్టులో ఎప్పుడూ మగ్గం మీద కూర్చునే మగవాళ్ల పేర్లే వస్తాయి. చీర వెనక ఉన్న పనిలో సగానికి పైగా ఆడవాళ్లది. కండెలు (పేక నూలు చుట్టే చిన్న పుల్లలు) చుట్టేది వాళ్లే, చిటికి కట్టేది వాళ్లే, ఆసు పోసేది, అంటే చిటికి కట్టే ముందు నూలును కొయ్యల చుట్టూ తిప్పేది వాళ్లే. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం ఎందుకు కనిపెట్టారో అందరికీ తెలుసు. ఒక్క చీరకు వేలసార్లు చెయ్యి ముందుకు వెనక్కు ఆడించి వాళ్ల అమ్మకు భుజం పడిపోయింది. ఆ యంత్రానికే 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. యంత్రం రాకముందు ఆ పని చేతులతో చేసిన తల్లులు మీ ఊళ్లోనూ ఉంటారు. వాళ్లను వెతికి పిలవండి.

ఆ పిలుపులో ఇంకొక జాగ్రత్త. 2024లో ఆసు పోసిన ఐదుగురు అమ్మలను పిలిచాం. శ్రావణమే కాబట్టి కండువాతో పాటు పసుపు కుంకుమ, గాజులు, జాకెట్టు గుడ్డ పళ్లెంలో పెట్టారు మా కమిటీ వాళ్లు. ఐదుగురిలో ఇద్దరు భర్త పోయినవాళ్లు. పేరు పిలిచేసరికి ఒకామె లేవలేదు. పక్కనామె లేపబోతే చెయ్యి వెనక్కు తీసుకుంది. పళ్లెం చూసి ఆగిపోయిందని నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. నేను వేదిక దిగి ఆమె దగ్గరికి వెళ్లి కండువా ఇచ్చి దండం పెట్టాను, కానీ అప్పటికే వందమంది ముందు ఆమెకు జరగాల్సిన అవమానం జరిగిపోయింది. ఆమె చేసిన పనికి పిలిచాం కదా, ఆ పళ్లెం అక్కడ ఎందుకు? అప్పటి నుంచి మా సన్మానంలో కండువా, నూలు చిలప (నూలు కట్ట), కొంత నగదు, ఇంతే. అందరికీ ఒకటే. మీరు మొదటి ఏడాదే అలా పెట్టేయండి, తర్వాత మార్చాలంటే పెద్దవాళ్లు ఒప్పుకోవడం కష్టం.

ముఖ్య అతిథుల గురించి ఎక్కువ రాయను. పదింటికి అంటే పదింటికి జెండా, పదీ ఐదుకు సన్మానం మొదలుపెట్టండి. వచ్చినవాళ్లందరికీ ఆ రోజు కూలి పోతుంది. మధ్యాహ్నం రెండింటి దాకా ఒక నాయకుడి కోసం ముసలివాళ్లను కూర్చోబెట్టిన సభ నేను చూశాను, మనసు కాలిపోయింది. నాయకులు ఎప్పుడు వస్తే అప్పుడు రెండు మాటలు మాట్లాడతారు, ఎవరూ ఏమీ అనుకోరు.

ఇక నూలు పున్నమి. మిగతావాళ్లకు ఇది రాఖీ పండుగ, జంధ్యాల పున్నమి. మనకు కులదైవం పండుగ. మార్కండేయుడి కొడుకు భావనా ఋషి తామర తూడుల నారతో దేవతలకు బట్ట నేశాడని, ఆయన సంతానం నుంచే మన నూటొక్క గోత్రాలు వచ్చాయని మన పెద్దలు చెప్పుకునే కథ. మాఘ శుద్ధ తదియ మార్కండేయ జయంతి, అది గుడి పండుగ. శ్రావణ పున్నమి మాత్రం గడప గడపకూ చేరే పండుగ. ప్రతి ఇంటి మగవాడి భుజం మీద పోగు మారుతుంది.

ఆ రోజు పీట మీద అధ్యక్షుడు దంపతులుగా కూర్చుని సంఘం తరఫున సంకల్పం చెప్పుకుంటారు. దీన్ని ఇంకొకరికి వదలకండి. కానీ ఇంకొక జంటను సిద్ధంగా మాత్రం ఉంచుకోండి. ఎందుకంటే 2025 ఆగస్టు 5న మా పాలివాళ్లలో (దాయాదుల్లో) ఒకాయన పోయారు. పది రోజుల మైల. పున్నమి తొమ్మిదిన. పీట మీద నేను కూర్చోకూడదు. ఉపాధ్యక్షుడు ఉన్నాడు గానీ వాళ్ల భార్య వరలక్ష్మీ వ్రతానికి పుట్టింటికి వెళ్లింది. ఎనిమిదో తేదీ రాత్రి కారు పంపి పిలిపించాం. ఆయనకు సంకల్పం ఎలా చెప్పాలో, గోత్రాలు ఏ వరసలో చదవాలో తెలియదు. ఆరేళ్లుగా నేనే చేస్తున్నాను కదా అని ఎవరికీ నేర్పలేదు, అది నా తప్పే. ఆ రోజు గుడి బయట వేపచెట్టు కింద నిలబడి మైకులో వినిపించే మాటలు వింటుంటే, అధ్యక్షుడు లేకపోయినా పండుగ ఆగదని తెలిసింది. ఆగకూడదు కూడా. కాబట్టి పదిహేను రోజుల ముందే రెండో జంటకు అంతా చెప్పి పెట్టండి, పున్నమి ముందూ వెనకా ఊళ్లోనే ఉండమనండి.

గోత్రాల పట్టిక గురించి. మన పిల్లల్లో చాలామందికి ఇంటిపేరు తెలుసు, గోత్రం తెలియదు. పూజారి "గోత్రం?" అనగానే తండ్రి వైపు చూస్తారు, తండ్రి ఫోన్ తీసి తాతకు చేస్తాడు. వరస ఆగిపోతుంది. మేం రెండో ఏడాది ఒక పని చేశాం. చందా రసీదులోనే గోత్రం రాసే గడి పెట్టాం. చందా కోసం ఇంటికి వెళ్లిన కుర్రాడు గోత్రం కూడా అడిగి రాసుకొస్తాడు. మూడేళ్లలో ఊరంతటికీ ఇంటిపేరు, గోత్రం పుస్తకం తయారైంది. తర్వాత అదే పుస్తకం పెళ్లి సంబంధాలు చూసేవాళ్లకు ఎంతో పనికొచ్చింది. మీరు మొబైల్ షాపులో ఉన్నవారు, ఫోన్లోనే చేయించగలరు. కాకపోతే ఒక కాపీ కాగితం మీద గుడిలో ఉంచండి.

జంధ్యాలు బజారులో కట్టలుగా దొరుకుతాయి. కొనొద్దని నా మనవి. నూలు వడికి, పేని, ముడి వేసే ముసలివాళ్లు ఒకరిద్దరైనా మీ ఊళ్లో ఉంటారు. పెళ్లికాని వారికి ఒకటి, పెళ్లయినవారికి రెండు, ఈ లెక్కన ఎన్ని కావాలో చూసుకుని వాళ్లకు నూలు ఇచ్చి చేయించండి. నూలు పట్టుకుని బతికే కులం ఆ పోగు బజారులో కొనుక్కుంటే ఇంక పున్నమికి ఆ పేరు ఎందుకు? పిల్లలను ఒక సాయంత్రం వాళ్ల దగ్గర కూర్చోబెట్టండి. 2022లో మా ఊళ్లో పదకొండు మంది పిల్లలు కూర్చున్నారు, వాళ్లలో ఇద్దరు ఇప్పటికీ ఏటా వాళ్ల ఇంటికి కావలసినవి వాళ్లే చేసుకుంటున్నారు.

ఊరేగింపు దగ్గర ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మనసు ఎక్కువ పెట్టాల్సింది అక్కడే. మా ఊళ్లో స్వామి రథం ముందు ట్రాక్టర్ ట్రాలీ మీద మగ్గం నడుస్తుంది. గుడి నుంచి బయలుదేరి తిరిగి గుడికి వచ్చేలోపు దాని మీద ఒక కండువా నేసి, కోసి, స్వామికి కప్పుతారు. మీ దగ్గర కూడా ఇదే ఆచారం ఉందని రాశారు. రెండేళ్లుగా మగ్గం బొమ్మలాగా పెట్టి, పక్కన ఒక కుర్రాడు చెయ్యి ఆడిస్తున్నట్టు నిలబడుతున్నాడని, గుడిలో కప్పే కండువా ముందురోజే కొని తెస్తున్నారని కూడా రాశారు. దయచేసి ఈ ఏడాది అది మార్చండి. మిగతా అన్నింట్లో తగ్గించినా ఇది మాత్రం నిజంగా నేయించండి.

ఎలా చేయాలో చెబుతాను. గుంట మగ్గం ట్రాలీ మీద కుదరదు, కాళ్లు పెట్టే గుంట నేలలో ఉంటుంది కదా. స్టాండ్ మగ్గం కావాలి. మీ ఊళ్లో లేకపోతే పక్క ఊరి సొసైటీని అడగండి, ఇస్తారు. పడుగు వారం ముందే ఎక్కించి, గుడి వాకిట్లో నాలుగు అంగుళాలైనా నేసి చూడాలి. పోగు సాఫీగా వస్తోందా, నాడె (పేక పోగును అటూ ఇటూ నడిపేది) సరిగా నడుస్తోందా అక్కడే తేలాలి. రోడ్డు మీద తేల్చుకుందామంటే కుదరదు. బండి నడుస్తుండగా నేయొద్దు, కుదుపుకు పోగులు తెగుతాయి. ప్రతి కూడలి దగ్గరా బండి ఆపాలి. ఆగినప్పుడు కోలాటం వాళ్లు, భజన వాళ్లు ముందు ఆడుతుంటారు, ఆ పది నిమిషాలు నేత నడుస్తుంది. జనం మగ్గం చుట్టూ మూగుతారు. చిన్నపిల్లలను ఎత్తుకుని చూపిస్తారు. నేతగాళ్లు ఇద్దరుండాలి, ఒకరు అలిసిపోతే ఇంకొకరు. పక్కన ఒక అమ్మ రాట్నం మీద కండెలు చుడుతూ ఉండాలి. ఆమెకు కూడా ట్రాలీ మీదే చోటు.

వాన సంగతి ముందే చూసుకోండి. శ్రావణం, ఎప్పుడు పడుతుందో తెలియదు. పడుగుకు గంజి పెట్టి ఉంటుంది, తడిస్తే పోగులు ఒకదానికొకటి అంటుకుంటాయి, లాగితే తెగుతాయి. 2021లో మాకు అదే జరిగింది. సగం దారిలో వాన, పైన టార్పాలిన్ ఉంది గానీ పక్కల నుంచి జల్లు కొట్టింది. పన్నెండు పోగులు అతికి మళ్లీ మొదలుపెట్టేసరికి రాత్రి తొమ్మిదయింది. ఆ రాత్రి గుడిలో స్వామికి కప్పిన కండువా అంచు వంకరగా ఉంది. అయినా అది ఆ రోజు నేసినదే. నాలుగు వైపులా దింపుకునే పరదా కట్టించుకోండి, మంచి సరుకు అయితే ఖర్చు ఎక్కువ కాదు.

రథం ఎత్తు కొలవండి. ఊరేగింపు దారంతా ఒకసారి కాలినడకన తిరిగి, ఎక్కడ కరెంటు తీగ కిందికి వేలాడుతోందో రాసుకోండి. మా ఊళ్లో ఒక ఏడాది కలశం ఒక ఇంటి సర్వీసు వైరుకు తగిలి అరగంట ఆగిపోయాం. ఎవరికీ ఏమీ కాలేదు, దేవుడి దయ. తర్వాత నుంచి పోలీసు అనుమతి తీసుకున్న రోజే విద్యుత్ శాఖకు కూడా కాగితం ఇచ్చేవాళ్లం, లైన్‌మన్ ఊరేగింపుతో పాటు నడిచేవాడు. అతనికి కూడా కండువా వేసేవాళ్లం. డీజే మాత్రం పెట్టకండి. మగ్గం చప్పుడు వినిపించాలి.

2020లో కరోనా వల్ల ఊరేగింపు లేదు. గుడిలో ఐదుగురమే ఉన్నాం. అయినా గుడి మండపంలో స్టాండ్ మగ్గం పెట్టి, ముఖానికి మాస్కు కట్టుకుని మా నేతగాడు కండువా నేశాడు. జనం లేరు, కోలాటం లేదు. నాడె చప్పుడు గుడి గోడలకు తగిలి వినిపించింది. నా ఆరేళ్లలో నేను మరవలేని పున్నమి అదే. అసలు ఆ రోజు ఏది ఉండాలి, ఏది లేకపోయినా పండుగే అన్నది నాకు ఆ ఏడాదే తెలిసింది.

కొందరు చదువుకున్న కుర్రాళ్లు అడుగుతారు, ఈ కాలంలో ఈ పీటలు, ఊరేగింపులు ఎందుకు, సంఘం అంటే రుణాల గురించి, నూలు ధర గురించి మాట్లాడాలి కదా అని. మాట్లాడాలి, నిజమే. కానీ చేతివృత్తుల సంఘాలు పుట్టినప్పటి నుంచీ ఆ రెండూ కలిసే ఉన్నాయి. మధ్యప్రదేశ్ మందసోర్ శాసనం చూడండి. లాట దేశం (దక్షిణ గుజరాత్) నుంచి వలస వచ్చిన పట్టు నేతగాళ్ల శ్రేణి (వృత్తి సంఘం) క్రీ.శ. 436లో అక్కడ సూర్యదేవాలయం కట్టింది, 473లో దాన్ని బాగుచేయించింది. ఆ శాసనంలో గుడి గురించి చెబుతూనే తమ పట్టు బట్ట అందాన్ని కూడా చెప్పుకున్నారు. మనవాళ్లు కూడా సోలాపూర్, భీవండి, సూరత్, ముంబై వలస వెళ్లినప్పుడు మార్కండేయుడిని వెంట తీసుకెళ్లారు. సోలాపూర్‌లో ఇదే పున్నమికి రథం తిరుగుతుంది. మిల్లులో కార్మికుడిగా వెళ్లినవాడికి ఊరు కాని ఊళ్లో తనవాళ్లు ఎవరో ఆ రథం దగ్గరే దొరికారు. అందుకే ఈ పనిని చిన్నది అనుకోకండి.

పెళ్లిళ్లు. ఆషాఢం పోగానే ముహూర్తాలు మొదలవుతాయి, ఒకే రోజు ఆరేడు శుభలేఖలు వస్తాయి. అన్నిటికీ ముహూర్తానికి వెళ్లడం ఎవరి వల్లా కాదు. ఒక పద్ధతి పెట్టుకోండి. ఇల్లు గడవడం కష్టంగా ఉన్నవాళ్ల పెళ్లికి మీరు వెళ్లండి, ఉన్నవాళ్ల పెళ్లికి కార్యవర్గం వెళ్తుంది. ఉన్నవాళ్లకు ఎలాగూ వచ్చేవాళ్లు చాలామంది ఉంటారు. లేనివాళ్ల ఇంట్లో అధ్యక్షుడు వచ్చి పది నిమిషాలు కూర్చుని తాంబూలం తీసుకుంటే, అవతలి వియ్యాలవారి ముందు ఆ ఆడపిల్ల తండ్రికి అది ఎంత బలమో నేను కళ్లారా చూశాను. ఎవరైనా అలిగితే అలగనివ్వండి, కారణం తెలిసిన రోజు వాళ్లే ఒప్పుకుంటారు.

చావు దగ్గరికి మాత్రం పద్ధతి లేదు. ఎవరి ఇల్లయినా, ఏ వేళయినా మీరే వెళ్లాలి. పండుగ పనిలో ఉన్నా వదిలి వెళ్లాలి, పున్నమి పూజ ఒక్కటే మినహాయింపు. పున్నమి రోజు పొద్దున పీట మీదికి వెళ్లే ముందు కబురు వస్తే ఏం చేయాలని మీరు అడగకపోయినా చెబుతున్నాను. ఉపాధ్యక్షుడిని వెంటనే పంపి, పూజ, ఊరేగింపు మొదలయ్యాక మీరు వెళ్లండి, వచ్చి తలస్నానం చేయండి. ఊరేగింపు ఆ వీధికి వచ్చినప్పుడు వాయిద్యాలు ఆపించండి. దహనానికి తక్షణ సాయం కోసం కొంత సొమ్ము ఎప్పుడూ కోశాధికారి ఇంట్లో నగదుగా ఉండాలి, బ్యాంకులో ఉంటే రాత్రి రెండింటికి పనికిరాదు. ఆరేళ్లలో నేను వెళ్లలేకపోయిన సభలు ఎవరికీ గుర్తులేవు. వెళ్లలేకపోయిన ఒక చావు ఇల్లు ఉంది. ఆ రోజు హైదరాబాద్‌లో ఒక మీటింగులో ఉన్నాను, దినం రోజు వెళ్లాను. ఆ ఇంటి పెద్దకొడుకు ఇప్పటికీ నాతో ముక్తసరిగానే మాట్లాడతాడు. అతనిది తప్పు కాదు.

మిగతావి త్వరగా చెబుతాను. ఆగస్టు పదిహేను జెండా, వినాయక చవితి, బతుకమ్మ ఇవన్నీ పంచి ఇవ్వండి. జెండా సంఘంలో అందరికన్నా పెద్దవారితో ఎగరేయించండి. వినాయకుడిని యువజన విభాగానికి వదలండి, లెక్కలు మాత్రం అడగండి. బతుకమ్మ మహిళా విభాగానిది, మీరు కుర్చీలు, నీళ్లు, లైట్లు చూసి పక్కకు రండి. బాపూజీ జయంతికి మాత్రం సమయం పెట్టండి. కొండా లక్ష్మణ్ బాపూజీ 1915 సెప్టెంబరు 27న వాంకిడిలో పుట్టారు, 2012 సెప్టెంబరు 21న పోయారు. 1969లో తెలంగాణ కోసం మంత్రి పదవి వదులుకున్న మనిషి, చేనేత సహకార సంఘాల కోసం జీవితమంతా పాటుపడిన మనిషి. దండ వేసి ఫొటో దిగి వచ్చేయకుండా, ఆ రోజు స్కూలు పిల్లలకు ఎవరైనా పెద్దాయనతో పావుగంట ఆయన గురించి చెప్పించండి. ఈసారి 27 ఆదివారం, పిల్లలు దొరుకుతారు.

లెక్కలు పండుగ అయిన పదిహేను రోజుల్లో గుడి గోడ మీద అతికించండి. వంద రూపాయలు ఇచ్చినవారి పేరూ, పదివేలు ఇచ్చినవారి పేరూ ఒకే సైజు అక్షరాల్లో.

చివరిగా మీ అసలు భయం. మగ్గం మీద కూర్చోని వాడిని, ఆ పీట నాదా అని అడిగారు. పద్మశాలీల్లో ఇప్పుడు మగ్గం ఉన్న ఇళ్లకన్నా లేని ఇళ్లే ఎక్కువ. వాళ్లు కూడా ఓటేసి మిమ్మల్ని ఎన్నుకున్నారు. కాబట్టి ఆ పీట మీకే చెందుతుంది. కానీ ఊరేగింపు మొదలయ్యే ముందు మొదటి కండెను అధ్యక్షుడి చేతికి ఇస్తారు. దాన్ని నాడెలో పెట్టి, పోగు కంటిలోంచి బయటికి తీసి, నేతగాడికి అందించాలి. మీ ముందు అధ్యక్షులు చాలామంది దాన్ని ముట్టుకుని దండం పెట్టి ఇచ్చేశారని రాశారు. మీరు అలా చేయకండి. మీ వీధి చివర ఇంకా మగ్గం నడుపుతున్న తాత ఉన్నారని చెప్పారు కదా, రేపు షాపు మూశాక ఆయన దగ్గరికి వెళ్లండి. కండె పెట్టడం, పోగు తీయడం, తెగిన పోగు అతకడం ఈ మూడు నేర్పమనండి. రోజుకు అరగంట కూర్చుంటే పున్నమికి ఇంకా నాలుగు వారాలు ఉన్నాయి, సరిపోతుంది. వెళ్లేటప్పుడు ఆయనకు ఏమీ తీసుకెళ్లకండి, నేర్చుకోవడానికి వచ్చానని మాత్రం చెప్పండి. ఊరేగింపు రోజు ట్రాలీ మీద నేసే ఇద్దరిలో ఒకరిగా రమ్మని ఆయనను అప్పుడే అడిగేయండి.